భుజం లేని లీవర్: పొట్టి లీవర్ పిస్తోలులో ఆకర్షణ, ప్రయోజనం

1855లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో ఏర్పడిన వోల్కానిక్ రిపీటింగ్ ఆర్మ్స్ కంపెనీ ఒక కొత్త తరహా పిస్తోలును అమ్మకానికి పెట్టింది. దాని ట్రిగ్గర్ దగ్గర ఒక లోహపు ఉంగరం ఉండేది. ఆ ఉంగరంలో వేలు పెట్టి ముందుకు తోసి, మళ్లీ వెనక్కి లాగితే చాలు. హామర్ లేచి నిలిచేది. గొట్టం కింది మ్యాగజైన్‌లోని కొత్త తూటా పైకి వచ్చి పేలడానికి సిద్ధమయ్యేది. మందును, గుండును విడివిడిగా కూరుకోవడం ఇంకా మామూలుగా ఉన్న ఆ రోజుల్లో ఇది గొప్ప ముందడుగు. అయినా ఆ కంపెనీ రెండేళ్లు నిండకుండానే దివాలా తీసింది.

నూట డెబ్బై ఏళ్లు గడిచాక కూడా లీవర్ పిస్తోలు అంతరించిపోలేదు. బ్రెజిల్‌కు చెందిన రోసీ, అమెరికాకు చెందిన హెన్రీ రిపీటింగ్ ఆర్మ్స్ వంటి సంస్థలు దాన్ని తయారుచేశాయి. లీవర్ రైఫిల్‌కు గొట్టాన్ని కుదించి, భుజానికి ఆనించే చెక్క భాగమైన స్టాక్‌ను చిన్న పిడిగా మారిస్తే ఎలా ఉంటుందో ఈ పిస్తోలు అలా ఉంటుంది. చూసినవాళ్లను ఇది ఇట్టే ఆకట్టుకుంటుంది. మరి పనిలో ఎంతవరకు నిలుస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు ఇష్టాయిష్టాల్లో దొరకదు. యంత్రశాస్త్రంలో, తూటా లోపలి వాయువుల నడకలో, మనిషి శరీర నిర్మాణంలో వెతకాలి. అలా వెతికినప్పుడు ఒక విషయం స్పష్టమవుతుంది. లీవర్ యంత్రాంగం భుజాన్ని నమ్ముకుని ఎదిగినది. దాని బలాలలో చాలావరకు, భుజాన్ని తీసేశాక మిగిలే బలహీనతలన్నీ ఆ ఒక్క సంగతి నుంచే పుడతాయి.

లీవర్ చేసే పని

లీవర్ తుపాకిలో చేతి కదలిక ఒక్కటే. లోపల జరిగే పనులు మాత్రం చాలా ఉన్నాయి. లీవర్‌ను కిందికి, ముందుకు తోసినప్పుడు బోల్టు తాళం విడిపోతుంది. బోల్టు వెనక్కి జరుగుతూ పేలిన ఖాళీ తొడుగును పట్టి బయటికి లాగుతుంది, పక్కకు విసిరేస్తుంది, హామర్‌ను వెనక్కి వంచుతుంది. మ్యాగజైన్‌లోని స్ప్రింగ్ ఒక తూటాను వెనక్కి నెడుతుంది. దాన్ని ఒక చిన్న పళ్లెం గొట్టం ఎత్తుకు లేపుతుంది. లీవర్ వెనక్కి రాగానే బోల్టు ఆ తూటాను గొట్టం మొదట్లోని గదిలోకి తోసి, మళ్లీ తాళం వేసుకుంటుంది. ఈ వరుసలో ఒక్క పని ముందువెనుకలైనా యంత్రం బిగుసుకుపోతుంది. ఇన్ని పనులను ఒకే ఇరుసు చుట్టూ తిరిగే ఒక్క కడ్డీకి అప్పగించడమే ఈ రూపకల్పనలోని గొప్పతనం.

తాళం విషయంలో హోరెస్ స్మిత్, డేనియల్ వెస్సన్ అనే ఇద్దరు 1854లో పేటెంటు పొందిన ఏర్పాటు ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. మధ్యలో కీలుతో కలిపిన రెండు కడ్డీలు బోల్టు వెనుక ఉంటాయి. నిటారుగా నిలబడ్డప్పుడు మోకాలు ఎంత బరువునైనా ఎలా మోస్తుందో, ఆ రెండు కడ్డీలూ ఒకే సరళరేఖలోకి వచ్చినప్పుడు వెనక్కి వచ్చే తోపును అలా ఆపుతాయి. కీలును కొద్దిగా పక్కకు కదిపితే మాత్రం మొత్తం నిర్మాణం సులువుగా ముడుచుకుంటుంది. పేలుడు బలాన్ని ఆపడానికి కండబలం అక్కర్లేదు. కడ్డీల అమరిక చాలు. ఈ కీలు తాళం తర్వాత చాలా దూరం ప్రయాణించింది. హిరమ్ మాక్సిమ్ 1880లలో వించెస్టర్ రైఫిల్‌పై చేసిన ప్రయోగాల తర్వాత రూపొందించిన మరతుపాకిలో, ఒకప్పుడు వించెస్టర్ సంస్థలో పనిచేసిన హ్యూగో బోర్షార్ట్ 1893లో తెచ్చిన ఆటోమేటిక్ పిస్తోలులో, దాని నుంచి పుట్టిన లూగర్ పిస్తోలులో ఇదే సూత్రం కనిపిస్తుంది.

ఆ తాళం మీద పడే బలాన్ని అంచనా వేయడం కష్టం కాదు. పీడనాన్ని తూటా అడుగు వైశాల్యంతో గుణిస్తే సరిపోతుంది. 1873 నుంచి వాడుకలో ఉన్న .45 కోల్ట్ తూటాకు అమెరికా పరిశ్రమ ప్రమాణం ప్రకారం గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 14,000 పౌండ్లు. అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 980 కిలోలు. తొడుగు వెలుపలి వ్యాసం 12.2 మిల్లీమీటర్లు కాబట్టి వైశాల్యం 1.17 చదరపు సెంటీమీటర్లు. ఈ లెక్కన బోల్టు మీద పడే తోపు 1,150 కిలోల బరువుతో సమానం. .357 మ్యాగ్నమ్‌ది చిన్న తూటాయే అయినా దాని పీడనం 35,000 పౌండ్లు. అందువల్ల తోపు దాదాపు 1,800 కిలోలకు చేరుతుంది. తొడుగు గోడలు గదిని బిగించి పట్టుకుని ఈ తోపులో కొంత మోస్తాయి కనుక ఇవి పైహద్దు అంచనాలు. అయినా ఇంత బలాన్ని ఓర్చుకోవలసిన తాళాన్ని వేలితోనో చేతితోనో సునాయాసంగా తెరవగలగడం సాధారణమైన విజయం కాదు.

యంత్రం ముందు, తూటా వెనుక

వోల్కానిక్ పిస్తోలు కథ వాల్టర్ హంట్‌తో మొదలవుతుంది. మనం రోజూ వాడే పిన్నీసుకు 1849లో పేటెంటు తీసుకున్నది ఈయనే. అంతకు ఏడాది ముందు ఆయన బోలు గుండుకు పేటెంటు పొందాడు. సీసపు గుండును వెనుక భాగంలో బోలుగా చేసి, ఆ ఖాళీలోనే మందు నింపడం ఆయన ఆలోచన. 1849లో దీన్ని పేల్చే రిపీటింగ్ రైఫిల్‌కూ పేటెంటు తీసుకున్నాడు. లూయిస్ జెన్నింగ్స్ దాన్ని సరళం చేశాడు. ఆ తర్వాత స్మిత్, వెస్సన్ ఆ యంత్రాంగాన్ని చేతిలో ఇమిడే పిస్తోలుగా మలిచారు. వాళ్ల పేటెంటుల మీద నిలబడినదే వోల్కానిక్ కంపెనీ. అందులో పెట్టుబడి పెట్టినవాళ్లలో న్యూహేవెన్‌కు చెందిన చొక్కాల తయారీదారు ఆలివర్ వించెస్టర్ ఒకరు.

ఆ గుండుకు తొడుగు లేదు. అందువల్ల ఒక లాభం ఉంది. పేలాక బయటికి లాగవలసిందేమీ మిగలదు కాబట్టి యంత్రాంగం సులువవుతుంది. నష్టాలు మాత్రం అంతకంటే పెద్దవి. గుండు కడుపులో పట్టే మందు అర గ్రాముకు కూడా చేరేది కాదు. అంత తక్కువ మందుతో గుండుకు చాలినంత శక్తి రాదు. రెండో నష్టం మరింత మౌలికమైనది. లోహపు తొడుగున్న తూటా పేలినప్పుడు పీడనానికి తొడుగు ఉబ్బి గది గోడలకు అతుక్కుంటుంది, వాయువు వెనక్కి రాకుండా ముద్ర వేసినట్టు మూసేస్తుంది. పీడనం తగ్గగానే మళ్లీ కొద్దిగా కుంచించుకుని సులువుగా బయటికి వస్తుంది. తొడుగు లేని వోల్కానిక్‌లో ఈ ముద్ర లేదు. బోల్టు ఎంత చక్కగా అమరినా సందుల్లోంచి వాయువు కారేది. పేలని గుండు గదిలో ఉండిపోతే దాన్ని వెనక్కి లాగడానికి పట్టు కూడా దొరికేది కాదు.

అప్పటి రివాల్వర్ మందు, గుండు, క్యాప్ విడివిడిగా నింపుకోవలసిన నెమ్మది యంత్రమే. అయినా బలంలో వోల్కానిక్‌ను మించి ఉండేది. ఎనిమిది, పది గుండ్లు పట్టే లీవర్ పిస్తోలు వేగంలో గెలిచి, బలంలో ఓడింది. మంచి యంత్రం కూడా తనకు తగిన తూటా వచ్చేదాకా ఎదురుచూడక తప్పదు.

రెండుగా చీలిన దారి

తర్వాత జరిగింది ఆయుధ చరిత్రలోనే చాలా అర్థవంతమైన మలుపు. స్మిత్, వెస్సన్ ఇద్దరూ వోల్కానిక్‌ను వదిలి మళ్లీ సొంతంగా జతకట్టారు. 1857లో .22 లోహపు తూటాను పేల్చే చిన్న రివాల్వర్‌ను విడుదల చేశారు. చేతి తుపాకికి లీవర్‌ను అమర్చిన మనుషులే చేతి తుపాకి నుంచి లీవర్‌ను తీసేశారన్నమాట. మరోవైపు వించెస్టర్ వోల్కానిక్ ఆస్తులను కొని 1857లో న్యూహేవెన్ ఆర్మ్స్ కంపెనీని స్థాపించాడు. ఆ కంపెనీలో బెంజమిన్ టైలర్ హెన్రీ అదే కీలు తాళాన్ని తీసుకుని, .44 లోహపు తూటాకు తగ్గట్టు మార్చి, పూర్తి పొడవు రైఫిల్‌లో అమర్చాడు. ఆయనకు 1860లో పేటెంటు వచ్చింది. మ్యాగజైన్‌లో 16 తూటాలు పట్టే హెన్రీ రైఫిల్ నుంచి 1866, 1873 నాటి వించెస్టర్ రైఫిళ్లు వచ్చాయి.

రెండు దారులకూ ప్రాణం పోసింది ఒకే మార్పు. అది లోహపు తొడుగున్న తూటా. ఆ తూటా చేతికి వచ్చినప్పుడు, లీవర్ పిస్తోలును అందరికంటే బాగా ఎరిగిన ఇద్దరు దాన్ని రివాల్వర్‌లో పెట్టారు. లీవర్‌ను అందరికంటే బాగా ఎరిగిన మూడో వ్యక్తి దాన్ని భుజం మీదికి ఎక్కించాడు. తూటా సమస్య తీరిన తర్వాత కూడా వీళ్లలో ఎవరూ లీవర్ పిస్తోలుకు తిరిగి రాలేదు.

వాడేవాళ్లు కూడా ఇదే విభజనను మెచ్చారు. 1873 వించెస్టర్ కోసం వచ్చిన .44-40 తూటాను 1870ల చివరికి కోల్ట్ సంస్థ తన రివాల్వర్‌లోనూ అమర్చింది. నడుముకు రివాల్వర్, గుర్రపు జీనుకు రైఫిల్, రెండింటికీ ఒకే తూటాల పట్టీ అన్నది అమెరికా పశ్చిమ ప్రాంతంలో తెలివైన ఏర్పాటుగా నిలిచింది. రెండు పనులను ఒకే ఆయుధంతో నెట్టుకురావడం కంటే, రెండు ఆయుధాలకు ఒకే తూటా ఉండటం వాళ్లకు ఎక్కువ అక్కరకు వచ్చింది.

ఐరోపాలో ఇంకొక ప్రయత్నం జరిగింది. 1880, 1890లలో ఆస్ట్రియా-హంగేరీ సామ్రాజ్యంలో కొందరు ఆయుధకారులు ఉంగరపు లీవర్‌తో నడిచే పిస్తోళ్లను రూపొందించారు. బొహీమియాకు చెందిన గుస్టావ్ బిట్నర్ 1893 నాటి పిస్తోలు వాటిలో పేరున్నది. ఒక్క చూపుడువేలి కదలికతోనే బోల్టు తెరుచుకుని, మూసుకుని, చివరికి తూటా పేలేలా వీటిని మలిచారు. పిస్తోలు ఒక్క చేతి పనిముట్టు కావాలన్న నియమాన్ని వీళ్లు గౌరవించారు. కానీ అంత పనీ ఒక్క వేలే చేయాలంటే యంత్రం చాలా శుభ్రంగా, మృదువుగా నడవాలి. ఈలోగా ఎదురుతన్నుతో తనంతట తానే నడిచే పిస్తోళ్లు, 1893లో బోర్షార్ట్‌ది, 1896లో మౌజర్‌ది, రానే వచ్చాయి. చేతి తుపాకిలో వేలితో నడిపే లీవర్‌కు అక్కడితో కాలం చెల్లింది.

తెర మీద రెండో పుట్టుక

అరవై ఏళ్ల తర్వాత లీవర్ పిస్తోలుకు మళ్లీ ప్రాణం వచ్చింది. అది కార్ఖానాలో కాదు, టెలివిజన్ తెర మీద. 1958 నుంచి 1961 వరకు అమెరికాలో సీబీఎస్ ప్రసారం చేసిన ‘వాంటెడ్: డెడ్ ఆర్ అలైవ్’ ధారావాహికలో స్టీవ్ మెక్వీన్ జోష్ రాండల్ అనే పాత్ర వేశాడు. తలకు వెల ఉన్న నేరస్తులను వేటాడి పట్టుకోవడం ఆ పాత్ర వృత్తి. అతని తొడకు వేలాడింది కోసి పొట్టిగా చేసిన 1892 వించెస్టర్. దాన్ని అతను ‘మేర్స్ లెగ్’ అని పిలిచేవాడు. ఆ పేరే నేటికీ ఈ తరహా పిస్తోళ్లన్నిటికీ వాడుకలో ఉంది.

తెర మీద కనిపించినదంతా అవసరం కోసం కాదు, చూపు కోసం అమర్చినది. కథాకాలం 1870లు. తుపాకి మాత్రం 1892 నమూనా. అతని నడుము పట్టీలో మెరిసినవి .45-70 తూటాలు. అవి ఆ తుపాకిలో పట్టనే పట్టవు. పెద్దవి కాబట్టి కెమెరాకు బాగా కనిపిస్తాయని పెట్టారు. నిజమైన ఎదురుతన్ను లేని ఖాళీ తూటాలతో, గురి తప్పే భయం లేకుండా నటుడు చేసిన ఆ వేగమే ప్రేక్షకుల మనసులో ఆయుధ సామర్థ్యంగా ముద్రపడింది. ఆకర్షణ అక్కడ పుట్టింది. సామర్థ్యాన్ని వేరుగా తూచుకోవాలి.

తెలుగు ప్రేక్షకులకూ ఈ లోకం కొత్త కాదు. 1971లో కె.ఎస్.ఆర్.దాస్ దర్శకత్వంలో కృష్ణ నటించిన ‘మోసగాళ్లకు మోసగాడు’ కౌబాయ్ కథలను మన తెరకు తెచ్చింది. గుర్రాలు, ఎడారి, తుపాకులు ఉన్న ఆ లోకాన్ని మన పల్లెల్లోని టూరింగ్ టాకీసులు కూడా ఎరుగును.

చట్టం గీసిన కొలతలు

నేటి లీవర్ పిస్తోలు కొలతలను నిర్ణయించింది యంత్రశాస్త్రం మాత్రమే కాదు, అమెరికా చట్టం కూడా. 1934 నాటి జాతీయ ఆయుధ చట్టం ముసాయిదాలో మరతుపాకులతో పాటు పిస్తోళ్లు, రివాల్వర్లను కూడా నియంత్రించాలని తలపెట్టారు. రైఫిల్‌ను కోసి పిస్తోలులా దాచుకునే వీలు ఉండకూడదని పొట్టి రైఫిళ్లను అందులో చేర్చారు. చివరికి పిస్తోళ్లను జాబితా నుంచి తొలగించినా, పొట్టి రైఫిళ్ల నిబంధన అలాగే ఉండిపోయింది. ఇప్పటి నియమం ప్రకారం గొట్టం 16 అంగుళాలకు తగ్గినా, మొత్తం పొడవు 26 అంగుళాలకు తగ్గినా ఆ రైఫిల్ ప్రత్యేక నమోదు కిందికి వస్తుంది.

దీని ఫలితం ఆలోచించదగ్గది. రైఫిల్‌గా తయారైన తుపాకిని అనుమతి లేకుండా కోస్తే అక్కడ తీవ్రమైన నేరం. అదే ఆకృతిలో, మొదటి నుంచీ స్టాక్ లేకుండా కార్ఖానాలోనే తయారైతే చట్టం దృష్టిలో అది మామూలు పిస్తోలు. అందుకే ఇవి 12, 13 అంగుళాల గొట్టంతో, 24, 25 అంగుళాల మొత్తం పొడవుతో, భుజానికి ఆనని పిడితో వస్తున్నాయి. ఆ పిడి చేతికి సుఖంగా ఉంటుందని ఎంచుకున్నది కాదు. స్టాక్ అమర్చకూడదు కాబట్టి మిగిలినది.

గొట్టం పొడవు ఇచ్చే లాభం

ఈ పిస్తోలుకు నిజమైన బలం ఒకటుంది. అది గొట్టం పొడవు. తూటా పేలినప్పుడు పుట్టే వేడి వాయువు గుండును నెడుతూ వ్యాకోచిస్తుంది. గొట్టం చివర గుండు బయటపడగానే ఆ నెట్టడం దాదాపు ముగుస్తుంది. పొట్టి గొట్టంలో గుండు బయటికి వచ్చేసరికి వాయువులో ఇంకా చాలా పీడనం మిగిలి ఉంటుంది. అదంతా మంటగా, పెద్ద చప్పుడుగా వృథా అవుతుంది.

1935లో వచ్చిన .357 మ్యాగ్నమ్‌నే తీసుకుందాం. 4 అంగుళాల గొట్టమున్న రివాల్వర్ నుంచి సుమారు 10 గ్రాముల గుండు సెకనుకు 380 మీటర్ల వేగానికి అటూఇటూగా వెలువడుతుంది. దాని గతిజ శక్తి దాదాపు 740 జౌళ్లు. 12 అంగుళాల లీవర్ పిస్తోలు నుంచి అదే తరహా గుండు సుమారు 490 మీటర్ల వేగం అందుకోగలదు. వేగం సుమారు 30 శాతమే పెరిగినా, గతిజ శక్తి వేగపు వర్గానికి అనులోమంగా ఉంటుంది కాబట్టి అది దాదాపు 1,200 జౌళ్లకు చేరుతుంది. ఇది చిన్న తేడా కాదు. అదే .45 కోల్ట్ వంటి తక్కువ పీడనపు తూటాలో వాయువు త్వరగానే చల్లారుతుంది కనుక అదనపు పొడవు ఇచ్చే లాభం తక్కువగా ఉంటుంది.

కొలతలు పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. రివాల్వర్ గొట్టాన్ని కొలిచేటప్పుడు తూటాలుండే సిలిండర్‌ను లెక్కలోకి తీసుకోరు. లీవర్ తుపాకిలో తూటా గది కూడా గొట్టం పొడవులో భాగమే. కనుక 12 అంగుళాల్లో గుండు నిజంగా ప్రయాణించేది పదిన్నర, పదకొండు అంగుళాలే. లీవర్ తుపాకికి ఇంకో మేలు కూడా ఉంది. రివాల్వర్‌లో సిలిండర్‌కు, గొట్టానికి మధ్య సన్నని సందు ఉండి కొంత వాయువు పక్కలకు పోతుంది. లీవర్ తుపాకిలో గది, గొట్టం ఒకే ముక్క కాబట్టి ఆ నష్టం ఉండదు.

చేతి మీద పడే భారం

ఇక్కడినుంచి లెక్క తిరగబడుతుంది. లీవర్ పిస్తోలు బరువు నమూనాను బట్టి సుమారు 1.8 కిలోల నుంచి 2.6 కిలోల దాకా ఉంటుంది. మామూలు .357 రివాల్వర్ కిలోకు అటూఇటూగా తూగుతుంది. బరువు కంటే అది ఎక్కడ కేంద్రీకృతమైందన్నది ముఖ్యం. పిడికి 15 సెంటీమీటర్లు ముందు గురుత్వ కేంద్రమున్న 1.8 కిలోల పిస్తోలు మణికట్టు మీద దాదాపు 2.6 న్యూటన్ మీటర్ల తిప్పుడు బలం చూపుతుంది. 6 సెంటీమీటర్ల దూరంలో గురుత్వ కేంద్రమున్న 1.1 కిలోల రివాల్వర్ చూపేది 0.65 మాత్రమే. అంటే నాలుగు రెట్లు తేడా. ఒక్క చేత్తో నిలకడగా పట్టుకోవడం దీనితో దాదాపు అసాధ్యం. రెండో చేయి గొట్టం కింద ఆసరాగా ఉండి తీరాలి.

గురి విషయంలోనూ అంతే. ముందు వెనుక గురి గుర్తుల మధ్య దూరం పెరిగేకొద్దీ అమరికలోని చిన్న తప్పు వల్ల వచ్చే కోణీయ దోషం తగ్గుతుంది. ఆ దూరం 15 సెంటీమీటర్లైతే ఒక మిల్లీమీటరు తప్పు 25 మీటర్ల దూరంలో 17 సెంటీమీటర్ల తేడా అవుతుంది. ఆ దూరం 25 సెంటీమీటర్లైతే తేడా 10 సెంటీమీటర్లకు తగ్గుతుంది. కాగితం మీద ఇది పెద్ద లాభమే. అయితే పొడవైన గురి రేఖ మేలు చేయాలంటే తుపాకి కదలకుండా నిలబడాలి. రైఫిల్‌కు ఆ స్థిరత్వాన్ని ఇచ్చేవి భుజం, చెంప, రెండు చేతులు. పిస్తోలుకు రెండు చేతులే మిగులుతాయి, అవి కూడా బరువుకు వణుకుతుంటాయి.

అసలు చిక్కు లీవర్‌ను ఆడించేటప్పుడు వస్తుంది. న్యూటన్ మూడో నియమం ప్రకారం లీవర్‌ను ముందుకు నెట్టే బలానికి సమానమైన బలం తుపాకిని వెనక్కి, పైకి తిప్పాలని చూస్తుంది. రైఫిల్‌లో ఆ తిప్పుడును భుజం అడ్డుకుంటుంది. స్టాక్ చివర భుజానికి ఆని ఉంటుంది, ముందు భాగాన్ని ఎడమచేయి మోస్తుంది. ఈ రెండు ఆధారాల మధ్య కుడిచేయి స్వేచ్ఛగా కదులుతుంది. చూపు గురి మీద నుంచి పెద్దగా చెదరదు. స్టాక్ లేనప్పుడు కుడిచేతి వేళ్లు పిడిని వదిలి లీవర్‌ను తోసే ఆ క్షణంలో తుపాకి మొత్తం ఎడమచేతి మీదే ఆధారపడుతుంది. గురి చెదురుతుంది. ప్రతి తూటాకూ తుపాకిని మళ్లీ మొదటినుంచి నిలబెట్టుకోవలసిందే. లీవర్ రైఫిల్‌కు పేరు తెచ్చిన వేగం అక్కడే పోతుంది.

రివాల్వర్‌లో ఈ సమస్య లేదు. వేలు ట్రిగ్గర్ నొక్కితేనో, బొటనవేలు హామర్‌ను వంచితేనో సిలిండర్ తిరుగుతుంది. అరచేయి పిడిని వదలదు. ఐదారు తూటాల మ్యాగజైన్ ఖాళీ అయ్యాక లీవర్ పిస్తోలులో తూటాలను ఒక్కొక్కటిగా నింపాలి. రివాల్వర్ సిలిండర్‌ను సాధనంతో ఒకేసారి నింపవచ్చు. ఆత్మరక్షణకు గానీ, వేగం అవసరమైన ఏ పనికి గానీ లీవర్ పిస్తోలు సరైన ఎంపిక కాదనడానికి ఇవి చాలు.

ఏ పనికి తగినది

అలాగని దానికి ఏ పనీ లేదనడం న్యాయం కాదు. అనుమతి ఉన్న గురి మైదానంలో, నెమ్మదిగా, ఏదైనా ఆధారం మీద ముందు భాగాన్ని ఆనించి పేల్చినప్పుడు దాని లాభాలన్నీ బయటపడతాయి. పొడవైన గొట్టం, మూసి ఉండే తూటా గది, దూరంగా ఉన్న గురి గుర్తులు అప్పుడు పని చేస్తాయి. ఆధారం భుజం చేయవలసిన పనిలో సగాన్ని తన మీద వేసుకుంటుంది. బరువు ఎక్కువ కనుక ఎదురుతన్ను వేగం కూడా తగ్గుతుంది.

ఈ జాతిలో అన్నిటికంటే పొందికైనది .22 తూటా పేల్చే నమూనా అని నా దృఢాభిప్రాయం. ఆ తూటా అడుగు చిన్నది కాబట్టి బోల్టు మీద తోపు తక్కువ. ఎదురుతన్ను లెక్కలోకి రానంత స్వల్పం. లీవర్ తేలిగ్గా కదులుతుంది. యంత్రాంగం ఎలా నడుస్తుందో తీరిగ్గా గమనించడానికి, లక్ష్యసాధనను ఆనందించడానికి అది సరిపోతుంది. బలమైన తూటాల నమూనాలు గొట్టం నుంచి అదనపు శక్తిని రాబట్టినా, దాన్ని అదుపు చేసే అమరిక వాటికి లేదు. ఇంకో నాలుగంగుళాల గొట్టం, ఒక స్టాక్ చేరిస్తే అదే తుపాకి ఎన్నో రెట్లు మెరుగైన కార్బైన్ అవుతుంది.

మన దేశంలో

ఈ చర్చ చదివిన యువకులెవరైనా పాత తుపాకిని పొట్టిగా చేయాలన్న ఆలోచన దరిచేరనీయకూడదు. మన 1959 ఆయుధ చట్టంలోని 6వ సెక్షన్ ప్రకారం అందుకు ప్రత్యేకంగా లైసెన్సు లేకుండా తుపాకి గొట్టాన్ని కుదించడం నిషిద్ధం. అసలు తుపాకి కలిగి ఉండటానికే లైసెన్సు తప్పనిసరి. ఈ నిబంధనకు సామాజిక కారణం ఉంది. దాచడానికి వీలైన తుపాకి నేరానికి వీలైన తుపాకి. శాస్త్రీయ కారణమూ ఉంది. గొట్టం, తాళం, తూటా మధ్య ఉన్న సమతౌల్యం ఎంతో జాగ్రత్తగా లెక్కగట్టి సాధించినది. టన్ను బరువుకు మించిన తోపును మోసే యంత్రాన్ని లెక్క తెలియకుండా కోయడం ప్రాణాంతకం.

ఆకర్షణ నుంచి నేర్చుకోవలసినది

ఇన్ని లోపాలున్నా ఈ పిస్తోలు మనుషులను ఎందుకు లాగుతోంది? సినిమా ఒక కారణం మాత్రమే. ఇందులో యంత్రం చేసే ప్రతి పనికీ చేతి కదలిక తోడుగా ఉంటుంది. ఆటోమేటిక్ పిస్తోలులో బోల్టు వెనక్కి ముందుకు కదిలే పని కంటికి అందనంత త్వరగా ముగుస్తుంది. లీవర్‌లో మాత్రం తాళం విడిపోవడం, తొడుగు ఎగిరిపడటం, కొత్త తూటా పైకి లేవడం మన చేతి వేగంతోనే జరుగుతాయి. ఏది ఎందుకు కదిలిందో చేతికి తెలుస్తుంది. యంత్రం ఇలా అర్థమయ్యేటప్పుడు కలిగే తృప్తి నిజమైనది. దాన్ని నేను చిన్నచూపు చూడను. యాంత్రిక ఇంజనీరింగ్ విద్యార్థులకు కీలు తాళం, 1892 నమూనాలో జాన్ బ్రౌనింగ్ దాని స్థానంలో పెట్టిన నిలువు తాళపు దిమ్మెలు కోత చిత్రాల ద్వారా నేర్పదగిన చక్కటి పాఠాలు. ఆయుధం ముట్టుకోకుండానే ఆ అందాన్ని పూర్తిగా గ్రహించవచ్చు.

అయితే ఒక యంత్రం అందంగా పనిచేయడం వేరు, మనిషి చేతిలో బాగా పనిచేయడం వేరు. వోల్కానిక్‌లో యంత్రం సరైనదే, తూటా సరిపోలేదు. నేటి లీవర్ పిస్తోలులో తూటా సరైనదే, యంత్రానికి కావలసిన భుజం లేదు. రెండుసార్లూ లోపం లీవర్‌లో లేదు, దాని చుట్టూ ఉండవలసిన ఏర్పాటులో ఉంది. నాగలి నుంచి వైద్య పరికరం దాకా ఏ సాధనాన్ని బేరీజు వేసేటప్పుడైనా దాన్ని విడిగా బల్ల మీద పెట్టి చూస్తే చాలదు. అది దేన్ని మింగుతుందో, ఎవరి శరీరానికి ఆనుకుంటుందో, ఏ నియమానికి లోబడి ఆ ఆకృతి పొందిందో కలిపి చూడాలి. స్మిత్, వెస్సన్, హెన్రీ అలా చూశారు కనుకనే తాము ఎంతో శ్రమించి సాధించిన ఆకృతిని విడిచిపెట్టి, దానిలోని సారాన్ని తగిన చోటికి తీసుకెళ్లగలిగారు. మంచి ఆలోచనకు సరైన చోటు వెతికిపెట్టడం కూడా ఆవిష్కరణలో భాగమే.